ఏళ్లుగా నిలిచిపోయిన ఎఫ్‌బీ మోండియల్ హెచ్‌పీఎస్ 300ని మళ్లీ రోడ్డెక్కించడం: మొదటి చూపు నుంచి మొదటి రైడ్ దాకా

“అన్నయ్య అమెరికా వెళ్లి రెండేళ్లయింది. వాడి మోండియల్ సెల్లార్‌లోనే ఉంది. కొత్త బ్యాటరీ వేసి సెల్ఫ్ కొట్టేయొచ్చా?” మనుషులు మారినా, ఊళ్లు మారినా ఇదే ప్రశ్న పదే పదే వస్తోంది.

కొట్టొద్దు. ఈ పనిలో సెల్ఫ్ బటన్ వంతు దాదాపు చివర్లో వస్తుంది. అంతకు ముందు చేయాల్సినవాటికి ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే వందల్లో అయ్యే ఖర్చు వేలల్లోకి పోతుంది.

ఇక్కడ చెప్పేది 2018లో కైనెటిక్ వారి మోటోరోయల్ ద్వారా మన దేశంలో అమ్మకానికి వచ్చిన, ఇటలీ బ్రాండు ఎఫ్‌బీ మోండియల్ వారి హెచ్‌పీఎస్ 300 బైకు గురించి. 249 సీసీ సింగిల్ సిలిండర్, రేడియేటర్ ఉన్న ఇంజిన్, ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆరు గేర్లు, పుల్లల చక్రాలు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు). బరువు 135 కిలోల దగ్గరే కాబట్టి ఒక్కరే అటూ ఇటూ తోసుకుంటూ పని చేసుకోవచ్చు. యూరప్‌లో 125 సీసీ హెచ్‌పీఎస్ నడిపే మనవాళ్లకూ ఈ వరుస పనికొస్తుంది.

ఆయిల్ ఎంత పోయాలి, ఏ బోల్టు ఎంత బిగించాలి లాంటి కొలతలకు మాత్రం మీ బండి మాన్యువల్‌నే నమ్మండి.

ఎంతకాలం నిలిచిందో దాన్నిబట్టి పని ఇలా ఉంటుంది:

- రెండు నెలల లోపు: బ్యాటరీ, టైర్లలో గాలి, బ్రేకులు, చెయిన్ చూస్తే చాలు.
- రెండు నుంచి ఆరు నెలలు: వాటితో పాటు పెట్రోలును కూడా పరీక్షించాలి.
- ఆరు నెలలు దాటితే: కింద చెప్పినవన్నీ, ఒక్కటీ వదలకుండా.

## 1. ముందు చోటు, సామాను

గాలి ఆడే చోట, నీడలో, గట్టి నేల మీద బండి పెట్టండి. మూసి ఉన్న సెల్లార్‌లో పెట్రోలు పని వద్దు, ఇంజిన్ ఆన్ చేయడం అసలే వద్దు. ఇంజిన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే ప్రమాదం జరిగిపోతుంది.

శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి ముగించేలా అనుకోండి. బ్యాటరీ చార్జింగ్‌కే ఒక రాత్రి పోతుంది.

- వెనక చక్రాన్ని లేపే ప్యాడాక్ స్టాండ్ (ఈ బండికి సెంటర్ స్టాండ్ ఉండదు)
- పానాల సెట్టు, అలెన్ కీలు, ప్లగ్ పానా, వీలైతే టార్క్ రెంచి (బోల్టు ఎంత బిగిసిందో కొలిచే పానా)
- మల్టీమీటర్, బైకు బ్యాటరీలకు సరిపోయే చిన్న చార్జర్
- చేత్తో నొక్కే సైఫన్ పంపు, మూత ఉన్న పెట్రోలు క్యాన్, ఒక గాజు సీసా
- ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్
- కూలెంట్, సీలు విప్పని డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్
- చెయిన్ క్లీనర్, చెయిన్ లూబ్, బ్రేక్ క్లీనర్
- టార్చి, పాత నూలు గుడ్డలు, రబ్బరు గ్లౌజులు
- అగ్నిమాపక సిలిండర్ లేదా కనీసం ఒక బకెట్ ఇసుక

## 2. నంబర్లు రాసుకున్నాకే షాపుకు వెళ్లండి

ఊరికో షోరూమ్ ఉన్న బండి కాదిది. “మోండియల్‌కి బ్రేక్ ప్యాడ్స్ ఉన్నాయా?” అని అడిగితే కౌంటర్‌లో మనిషి తల అడ్డంగా ఊపుతాడు. అదే పాత ప్యాడ్ తీసి చేతిలో పెడితే, వెనక అరల్లోంచి నాలుగు డబ్బాలు తెచ్చి పక్కన పెట్టి సరిచూస్తాడు. ఈ బండికి సామాను దొరికే దారి అదే: పేరుతో కాదు, కొలతతో, నంబరుతో.

వాడకంలో అరిగే వస్తువులు చాలావరకు ప్రామాణిక సైజుల్లోనే ఉంటాయి. నంబర్లు ఎక్కడుంటాయంటే:

- స్పార్క్ ప్లగ్: తెల్లటి పింగాణీ భాగం మీద
- బ్యాటరీ: పక్క స్టిక్కర్ మీద. ఆంపియర్ అవర్లు, టెర్మినళ్లు ఏ వైపు ఉన్నాయో కూడా రాసుకోండి
- చెయిన్: లింకు పక్క ప్లేటు మీద. మొత్తం లింకులు లెక్కపెట్టండి
- స్ప్రాకెట్లు: పళ్ల సంఖ్య చెక్కి ఉంటుంది, లేకపోతే లెక్కపెట్టండి
- చక్రం బేరింగ్: రబ్బరు సీలు మీద లేదా రింగు అంచున
- టైరు: పక్క గోడ మీద సైజు

వీటన్నిటినీ ఫోన్‌తో ఫొటోలు తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. హైదరాబాద్‌లో పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ షాపులు, బేరింగుల కోసం రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్ తిరిగేటప్పుడు ఈ ఫోల్డరే మీకు అక్కరకొస్తుంది. ప్యాడ్లు, ఆయిల్ ఫిల్టర్ మాత్రం పాతవి వెంట తీసుకెళ్లండి. ఫిల్టర్ విషయంలో పైకొలత ఒక్కటే సరిపోదు, లోపలి రంధ్రం, రబ్బరు రింగు కూడా కలవాలి.

## 3. తాళం తిప్పకముందే ఎలుకలు, కుమ్మరి పురుగులు

నిలిచిన బండిలో మొదట వెతకాల్సింది తుప్పు కాదు, అందులో కాపురం పెట్టిన జీవాలు.

సీటు తీయండి. ఎలుక పెంటికలు, కొరికిన స్పాంజి, వైరు మీద పంటి గాట్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. హెడ్‌లైటు వెనక, ట్యాంకు కింద, రేడియేటర్ ఫ్యాన్ దగ్గర వైర్లను చేత్తో తడిమి చూడాలి. తొక్క పోయి రాగి బయటపడ్డ చోట ఇన్సులేషన్ టేపు చుట్టి సరిపెట్టొద్దు. సోల్డర్ వేయించి హీట్ ష్రింక్ ట్యూబు తొడిగించండి. ఏబీఎస్ సెన్సర్ వైరు తెగితే మాత్రం అతుకులు కాదు, మార్చడమే.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవండి. లోపల గడ్డి, కాగితం ముక్కలు, గింజల పొట్టు ఉంటే పూర్తిగా శుభ్రం చేసి కొత్త ఫిల్టర్ వేయండి.

ఇక కుమ్మరి పురుగు, అంటే మట్టిగూడు కట్టే కందిరీగ. వేలు పట్టేంత గొట్టం ఎక్కడ కనబడినా అది తడి మట్టి తెచ్చి గూడు కట్టేస్తుంది. సైలెన్సర్ రెండు గొట్టాల్లోకీ టార్చి వేయండి. మట్టి ఉంటే తీగ కొక్కెంతో బయటికి లాగండి, లోపలికి నెట్టొద్దు.

అంతకంటే ముఖ్యమైనది ట్యాంకు నుంచి కిందికి దిగే సన్నటి రబ్బరు గొట్టం. చాలామంది చూడరు. చివరన బఠాణీ గింజంత మట్టి ముద్ద ఆరి గట్టిపడి, గొట్టం రంగులోనే కలిసిపోయి ఉంటుంది. గాలి వెళ్లే దారి మూసుకుంటే ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడుతుంది. ఇంజిన్ చక్కగా అంటుకుని, కాసేపు నడిచి, నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పంపు పోయిందని, ఇంజెక్టర్ పోయిందని జనం డబ్బు తగలేసేది ఇక్కడే. గొట్టం ఒక చివర ఊదండి, గాలి రెండో వైపు రావాలి. మూసుకుపోతే సన్నటి తీగతో శుభ్రం చేయండి.

- సీటు కింద, హెడ్‌లైటు వెనక వైర్లు చూశాను
- ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచాను
- సైలెన్సర్ గొట్టాలు రెండూ ఖాళీ
- ట్యాంకు గాలి గొట్టంలో ఊదితే గాలి వస్తోంది
- రేడియేటర్ రెక్కల మధ్య మట్టి, గూళ్లు లేవు

## 4. బ్యాటరీ

విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. లేకపోతే పానా ఫ్రేముకు తగిలి నిప్పురవ్వలు వస్తాయి.

మీటరు పెట్టి చూడండి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే బాగున్నట్టే. 12.4 దగ్గర ఉంటే చార్జింగ్ చాలు. 12 కంటే తక్కువలో నెలల తరబడి ఉండిపోతే లోపలి ప్లేట్లు గట్టిపడతాయి. 10.5 కూడా లేకపోతే ఆశ వదులుకోవడం మేలు.

చార్జింగ్ కరెంటు బ్యాటరీ కెపాసిటీలో పదో వంతు ఉండాలి. అంటే ఈ సైజు బ్యాటరీకి ఒక ఆంపియర్ అటూ ఇటూ. కారు బ్యాటరీ షాపులో పెద్ద చార్జర్‌కు తగిలిస్తే గంటలో నిండినట్టు కనిపిస్తుంది కానీ లోపల ఉబ్బిపోతుంది. చార్జింగ్ అయ్యాక వైర్లు తీసి ఒక రాత్రి ఊరికే ఉంచి మళ్లీ కొలవండి. పొద్దుటికి 12.5 కంటే దిగిపోతే కొత్తది కొనండి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి నీరసపు బ్యాటరీతో పని జరగదు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే పంపు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) సరిగ్గా పనిచేయవు, పిచ్చి పిచ్చి లైట్లు వెలుగుతాయి. అందుకే లేని జబ్బులు వెతుక్కోకుండా బ్యాటరీని ముందే తేల్చేయండి.

## 5. పాత పెట్రోలు: తీసేయాలా, ఉంచాలా?

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొంతవరకు ఆ నీరు పెట్రోలులోనే కలిసి ఉంటుంది. హద్దు దాటాక ఇథనాల్, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పంపు పెట్రోలు లాగేది అడుగు నుంచే. అంటే మీరు తాళం తిప్పగానే ఇంజెక్టర్ దాకా మొదట వెళ్లేది ఆ నీళ్లే.

ఈ20కి తట్టుకునే రబ్బరు, లోహాలతో బళ్లు తయారు చేయడం మన దగ్గర 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. ఈ బండి అంతకు ముందుది. రోజూ నడిచే బండిలో పెట్రోలు వెంటవెంటనే మారుతుంది కాబట్టి అంత టెన్షన్ పడక్కర్లేదు. ట్యాంకులో నెలల తరబడి నిల్వ ఉంటేనే తంటా.

పరీక్ష ఇలా చేయండి. సైఫన్ గొట్టం ట్యాంకు అడుగుదాకా దించి గాజు సీసాలో సగం వరకు పట్టండి. నోటితో మాత్రం లాగొద్దు. సీసాను పావుగంట కదపకుండా పెట్టి వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి.

- నిలువునా ఒకే రంగు, తాజా పెట్రోలు వాసన: ఆరు నెలల లోపైతే కొత్త పెట్రోలుతో నింపి వాడొచ్చు.
- మధ్యలో గీత, కింద వేరే పొర: మొత్తం తీసేయాలి.
- ముదురు రంగు, వార్నిష్ వాసన: మొత్తం తీసేయాలి, ఫిల్టర్ కూడా చూడాలి.
- అడుగున ఎర్రటి పొడి: తుప్పు. ట్యాంకు విప్పి శుభ్రం చేయించేదాకా పంపు ఆన్ చేయొద్దు.

ఆరు నెలలు దాటితే పరీక్షతో పనిలేదు, తీసేయడమే నా సలహా. కొన్ని లీటర్ల పెట్రోలు కోసం పంపును, ఇంజెక్టర్‌ను పణంగా పెట్టొద్దు.

సైఫన్‌కు అందని అడుగు పెట్రోలు కోసం ట్యాంకు విప్పాలి. పంపు నుంచి వచ్చే గొట్టం కప్లింగ్ విప్పేముందు దాని చుట్టూ గుడ్డ చుట్టండి, లోపల ఒత్తిడి మిగిలి ఉంటే పెట్రోలు కళ్లలోకి చిమ్ముతుంది. గొట్టాలు ఉబ్బినా, వంచితే పగుళ్లు కనిపించినా మార్చండి. కొత్తది ఇంజెక్షన్ బళ్లకు పనికొచ్చే ఎక్కువ ఒత్తిడి గొట్టమే అయ్యుండాలి. కార్బురేటర్ బండి గొట్టం ఆ ఒత్తిడికి నిలవదు.

తీసిన పెట్రోలు మురుగు కాలవలో పోయొద్దు. మూత బిగించిన క్యాన్‌లో తెలిసిన మెకానిక్‌కు ఇస్తే, సామాను కడగడానికి వాడుకుంటాడు.

## 6. ఇంజిన్‌ను చేత్తో తిప్పడం, ఆయిల్ మార్చడం

ట్యాంకు విప్పి ఉన్నప్పుడే ఇది చేసుకుంటే ప్లగ్ సులభంగా అందుతుంది. ప్లగ్ విప్పేముందు దాని గుంటలోని దుమ్మును గాలితో ఊదేయండి, లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్‌లోకే పోతుంది.

ప్లగ్ తీశాక చెంచాడు ఇంజిన్ ఆయిల్ ఆ రంధ్రంలోంచి పోసి అరగంట ఆగండి. వెనక చక్రం స్టాండ్ మీద లేపి, పెద్ద గేరులో వేసి, చక్రాన్ని ముందువైపు నెమ్మదిగా తిప్పండి. బిగువుగా ఉన్నా ఆగకుండా తిరిగితే మంచిదే. అసలు కదలకపోతే బలవంతం చేయొద్దు. ముందు న్యూట్రల్‌లో చక్రం తిరుగుతోందో లేదో చూడండి, పట్టేసింది వెనక బ్రేకు కావచ్చు. బ్రేకు కాదని తేలితే ఇంకాస్త ఆయిల్ పోసి ఒక రోజు వదిలేయండి. అప్పటికీ కదలకపోతే ఇంజిన్ విప్పే మెకానిక్ దగ్గరికే.

ఇప్పుడు పాత ఆయిల్. కాఫీ రంగులో చిక్కగా, పాలు కలిసినట్టు ఉంటే లోపల నీళ్లో కూలెంటో కలిసింది. కారణం తెలిసేదాకా స్టార్ట్ చేయొద్దు. మామూలు నల్లటి ఆయిలే అయితే, ఏడాది దాటిన బండికి స్టార్ట్ చేయకముందే మార్చేయండి. చల్లటి ఆయిల్ మెల్లగా దిగుతుంది కాబట్టి డ్రెయిన్ బోల్టు విప్పి గంటసేపు వదిలేయండి.

కొత్త ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ2 అని ఉండాలి. ఈ బండిలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. చేతికందిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది.

ట్యాంకు బిగించకముందు ఇంకో పని. ప్లగ్ బయటే ఉంచి, పెద్ద గేరులో చక్రాన్ని ఇంకో ఇరవై ముప్పై సార్లు తిప్పండి. పోసిన ఆయిల్ సిలిండర్ గోడకు పట్టి, మిగిలింది ప్లగ్ రంధ్రంలోంచి బయటికి వస్తుంది, గుడ్డ అడ్డం పెట్టండి. ఆ తర్వాత కొత్త ప్లగ్‌ను ముందు వేళ్లతోనే మరలు ఎక్కేదాకా తిప్పి, తర్వాతే పానా వేయండి. మొదటే పానా వేసి మరలు పాడుచేస్తే సిలిండర్ హెడ్డుకే ఎసరొస్తుంది.

## 7. కూలెంట్

రెండేళ్లు దాటితే మార్చేయాలి. రేడియేటర్ మూత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది.

మన బోరు నీళ్లు పోయొద్దు. అందులోని సున్నం రేడియేటర్ లోపల పొరలా పేరుకుంటుంది. కలిపి సిద్ధంగా అమ్మే కూలెంట్, లేదా డిస్టిల్డ్ వాటర్‌తో కలిపినదే వాడండి. పాత రంగు మీద కొత్త రంగు కలపొద్దు, పాతది పూర్తిగా దించండి. దింపిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకితే చచ్చిపోతాయి. పళ్లెంలో వదిలి పక్కకు వెళ్లొద్దు.

నింపాక బండిని కుడికి ఎడమకు మెల్లగా ఊపండి. గాలి బుడగలు పైకి వచ్చి మట్టం తగ్గుతుంది, మళ్లీ నింపండి. తగ్గడం ఆగేదాకా ఇలాగే.

## 8. బ్రేకులు: తొందరపడకూడని చోటు

ఇంజిన్ మొరాయిస్తే బండి ఇంటి దగ్గరే ఆగుతుంది. బ్రేకు మొరాయిస్తే ఆగదు. అందుకని ఈ భాగానికి సగం పూట కేటాయించండి.

న్యూట్రల్‌లో రెండు చక్రాలూ చేత్తో తిప్పండి. బ్రేకు పట్టి వదలగానే చక్రం స్వేచ్ఛగా తిరగాలి. పట్టేసినట్టుంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిస్టన్ బిగుసుకుంది. కాలిపర్ విప్పి, ప్యాడ్లు తీసి, పిస్టన్ బయటికి కనిపించే భాగాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, మెల్లగా లోపలికి నెట్టి చూడండి. పిస్టన్ మీద తుప్పు గుంటలుంటే సీల్ కిట్టుతో సరిపోదు.

డిస్కు మీద పైపైన పట్టిన ఎర్ర తుప్పు గురించి భయం వద్దు, నాలుగు బ్రేకులకు పోతుంది. ప్యాడ్ మందం రెండు మిల్లీమీటర్ల లోపుంటే, లేదా దాని మీద ఆయిల్ పడి ఉంటే మార్చండి. ఆయిల్ తాగిన ప్యాడ్‌ను కాల్చో రుద్దో బాగుచేయలేం.

బ్రేక్ ఫ్లూయిడ్ కూడా గాలిలోని తేమను పీల్చేదే. రెండేళ్లు నిలిచిన బండిలో తప్పకుండా మార్చాలి. ఫ్లూయిడ్‌లో నీరు చేరితే వేడెక్కినప్పుడు ఆవిరై లివర్ మెత్తబడుతుంది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చేతికి ఏమీ తగలదు.

- డాట్ 4 మాత్రమే, అప్పుడే సీలు విప్పిన సీసా.
- పెయింటు మీద పడితే లేచిపోతుంది. ట్యాంకు మీద తడిగుడ్డ కప్పి, పడిన వెంటనే నీళ్లతో కడగండి.
- మార్చుతున్నంత సేపూ డబ్బాలో మట్టం సగం కంటే దిగనీయొద్దు. గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి దూరితే ఇంట్లో తీయడం చాలా కష్టం.
- లివర్ మెత్తగా ఉంటే బండి కదపొద్దు. మళ్లీ గాలి తీయించండి.

బ్రేకుల పని ఇంతకు ముందు చేతులారా చేయనివాళ్లు ఈ ఒక్క భాగం మెకానిక్‌కు అప్పగించండి. బండిని తోసుకుంటూ కాదు, ట్రాలీ ఆటోలో వేసుకుని తీసుకెళ్లండి.

## 9. టైర్లు, పుల్లలు, చెయిన్

టైరు గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 1819 అంటే 2019లో 18వ వారం. ఆరేళ్లు దాటితే గాట్లు లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. మార్చండి. ముందు చక్రం 18 అంగుళాలది, వెనకది 17. ముందుది ప్రతి షాపులో దొరకదు, ముందే ఆర్డర్ పెట్టుకోండి.

పుల్లల చక్రంలో ట్యూబు ఉంటే ట్యూబ్‌లెస్ లాగా రోడ్డు పక్కన పురి దూర్చి పంక్చర్ వేయించడం కుదరదు, చక్రం విప్పాల్సిందే. టైరు మార్చినప్పుడే కొత్త ట్యూబు, రిమ్ టేపు వేయించండి. దూరం వెళ్లేటప్పుడు ఒక ట్యూబు సీటు మీద కట్టుకోండి.

పుల్లల్ని చిన్న పానాతో ఒక్కొక్కటిగా తట్టండి. బిగువుగా ఉన్నది ‘టింగ్’మంటుంది, వదులైనది ‘టప్’మంటుంది. ఒకటి రెండు వదులైతే పావు చుట్టు బిగించి మళ్లీ తట్టి చూడండి. అంతకంటే ఎక్కువుంటే, లేదా చక్రం తిప్పినప్పుడు రిమ్ము కంటికి కనిపించేంత ఊగితే రిమ్ బెండు తీసే షాపుకే. తోచినట్టు బిగిస్తే గుండ్రటి రిమ్ము కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది.

చెయిన్ శుభ్రం చేసేటప్పుడు ఇంజిన్ ఆఫ్‌లో ఉండాలి. గేరులో వేసి ఇంజిన్ తిప్పుతూ చెయిన్ తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ మెత్తటి బ్రష్‌తో రుద్దండి. పెట్రోలు, ఇనుప బ్రష్ వాడితే లింకుల మధ్య రబ్బరు రింగులు పాడవుతాయి. లింకులు వంగినచోటే గట్టిపడి నిటారుగా రాకపోతే, స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగితే చెయిన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాలి. చెయిన్ వదులు ఎంత ఉండాలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) స్టిక్కర్ మీద లేదా మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం తిప్పుతూ బాగా బిగువుగా ఉన్న చోట కొలవండి.

## 10. మిగతావి, చకచకా

- ముందు ఫోర్కు గొట్టాలు గుడ్డతో తుడిచి, బండిని పదిసార్లు కిందికి నొక్కండి. ఆయిల్ గీత కనిపిస్తే సీలు పోయింది. ఆ ఆయిల్ బ్రేకు మీదికే కారుతుంది, వాయిదా వద్దు.
- హ్యాండిల్ ఎటు తిప్పినా, యాక్సిలరేటర్ వదలగానే దానంతట అది టక్కున వెనక్కి రావాలి.
- గేరులో వేసి, క్లచ్ పట్టి, బండిని ముందుకు తోయండి. కదలకపోతే ప్లేట్లు అతుక్కున్నాయి. అలాగే క్లచ్ పట్టి ముందుకీ వెనక్కీ ఊపితే చాలాసార్లు వదులుతాయి.
- హెడ్‌లైటు, ఇండికేటర్లు, హారన్, ముందు వెనక బ్రేకులు రెండిటికీ బ్రేకు లైటు వెలగాలి.

## 11. ఇప్పుడు సెల్ఫ్

బండి బయట ఉండాలి. ట్యాంకులో మూడు నాలుగు లీటర్ల తాజా పెట్రోలు పోయండి. పక్కన ఇంకొకరు ఉంటే మంచిది.

తాళం ఆన్ చేయండి. పంపు రెండు మూడు సెకన్లు ‘జుయ్’మని ఆగుతుంది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి, ఇలా మూడు నాలుగు సార్లు. ఖాళీ గొట్టాల్లోకి పెట్రోలు నిండుతుంది.

యాక్సిలరేటర్ ముట్టుకోకుండా సెల్ఫ్ ఐదు సెకన్లకు మించకుండా నొక్కండి. అంటుకోకపోతే అర నిమిషం ఆగి మళ్లీ. అంటుకున్నాక రేస్ చేయొద్దు. పోసిన ఆయిల్ కాలి కాసేపు పొగ వస్తుంది, కొద్ది నిమిషాల్లో తగ్గాలి. ఫ్యాన్ తిరిగేదాకా ఉంచి, ఈలోగా కింద పెట్రోలు, ఆయిల్, కూలెంట్ చుక్కలు పడుతున్నాయేమో చూడండి. బ్యాటరీ మీద మీటరు పెట్టి ఇంజిన్ కొంచెం లేపితే 14 వోల్టుల దగ్గర కనిపించాలి.

అంటుకోకపోతే ఎక్కడ వెతకాలి:

- మీటరే వెలగడం లేదు: బ్యాటరీ టెర్మినళ్లు, మెయిన్ ఫ్యూజు.
- ‘టక్’మని ఆగుతోంది: నీరసపు బ్యాటరీ లేదా వదులైన టెర్మినల్.
- ఏ శబ్దమూ లేదు: కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, క్లచ్ లివర్ స్విచ్.
- సెల్ఫ్ తిరుగుతోంది, పంపు శబ్దం లేదు: పంపు ఫ్యూజు, ట్యాంకు కింద కనెక్టర్, ఆ తర్వాతే పంపు.
- పంపు ఉంది, ఇంజిన్ అంటుకోవడం లేదు: ప్లగ్ విప్పి చూడండి. తడిగా ఉంటే స్పార్క్ లేదు, పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు.
- నడిచి ఆగిపోతోంది: ట్యాంకు మూత తెరిచి మళ్లీ కొట్టండి. ‘సుయ్’మని గాలి లోపలికి పీల్చుకుని ఇంజిన్ అంటుకుంటే, గాలి గొట్టంలో ఇంకా మట్టి ఉంది.

## 12. కాగితాలు, మొదటి రైడ్

ఇన్సూరెన్స్ లేకుండా గేటు దాటొద్దు. పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. సొంత నష్టానికి కూడా కవర్ కావాలంటే కంపెనీ వాళ్లు బండిని చూశాకే ఇస్తారు, అందుకు సమయం పెట్టుకోండి. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం ఇంజిన్ బాగా వేడెక్కాక వెళ్లండి.

మొదటి రైడ్ కాలనీలోనే. హెల్మెట్, గ్లౌజులు వేసుకుని, గంటకు 20 కి.మీ. వేగంలో ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా పట్టి చూడండి. ఏబీఎస్ లైటు బండి కొంచెం కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే చక్రం సెన్సర్ మీద మట్టి ఉందేమో, వైరు కొరికి ఉందేమో చూడాలి. కొత్త ప్యాడ్లయితే గంటకు 40 నుంచి 10కి పది పదిహేను సార్లు మెల్లగా తగ్గించండి. అప్పటిదాకా పూర్తి పట్టు రాదు.

ఇంటికొచ్చాక డిస్కుల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి, ముట్టుకోవద్దు. ఒకటి మాత్రమే సెగలు కక్కుతుంటే ఆ కాలిపర్ ఇంకా పట్టేస్తోంది.

## 13. మొదటి 200 కిలోమీటర్లు

సింగిల్ సిలిండర్ అదురుకు బోల్టులు వదులవుతాయి. విప్పి బిగించిన ప్రతి బోల్టు మీదుగా పెయింటు మార్కర్‌తో ఒక సన్నటి గీత గీయండి. గీత రెండు ముక్కలైతే అది కదిలిందని దూరం నుంచే తెలుస్తుంది.

- 50 కి.మీ. తర్వాత: వెనక ఇరుసు నట్టు, కాలిపర్ బోల్టులు, సైలెన్సర్ బ్రాకెట్, అద్దాలు, నంబర్ ప్లేటు.
- 50 కి.మీ. తర్వాత: పుల్లలు మళ్లీ తట్టడం, చెయిన్ వదులు, చల్లారాక కూలెంట్ మట్టం.
- 200 కి.మీ. తర్వాత: ఆయిల్ రంగు. లోపలి పాత మడ్డి కరిగి నల్లబడితే ఫిల్టర్‌తో సహా ఇంకోసారి మార్చండి. ఇది అదనపు ఖర్చే అయినా పెట్టమనే చెబుతాను.
- 200 కి.మీ. తర్వాత: ప్లగ్ విప్పి చూడండి. లేత గోధుమ రంగు మంచిది. తడి నలుపుగా ఉంటే సిలిండర్‌లోకి ఆయిల్ వస్తోంది, కంప్రెషన్ చూపించండి.

మళ్లీ బండి నిలపాల్సి వస్తే, చివరి రోజు ట్యాంకు నిండా పెట్రోలు పోయించండి, ఖాళీ స్థలం తగ్గితే లోపలికి వచ్చే తేమా తగ్గుతుంది. అది కూడా మూడు నాలుగు నెలల వరకే, అంతకు మించితే పెట్రోలు తీయించి పెట్టండి. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టండి. సైలెన్సర్ గొట్టాలకు గుడ్డ కుక్కి, ట్యాంకు గాలి గొట్టం చివర దోమతెర ముక్క చుట్టి దారంతో కట్టండి. గొట్టాల్లో గుడ్డ ఉందని ఒక కాగితం మీద రాసి, తాళం చెవికి కట్టి ఉంచండి.